నా పెండ్లికార్డు మీద పడిన గీత

మా మనవరాలు బొమ్మల కాలేజీలో చదువుతోంది. తన బొమ్మలను గుడ్డల మీద తానే అచ్చు వేసుకుంటానని ఈమధ్య పట్టుబట్టి, సామాను కొనడానికి నన్ను తోడు తీసుకుపోయింది. తోడు అంటే నా సలహా కోసం అనుకునేరు, ఆటోలో ఒక్కతే పోవడానికి బద్ధకించి. అచ్చు వేసే చట్రానికి మందు పూసే దోనెలను దుకాణం కుర్రవాడు బల్ల మీద వరుసగా పరిచాడు. అన్నీ అల్యూమినియంవే, రెండు చివర్లా నల్లటి ప్లాస్టిక్ మూతలతో తళతళలాడుతున్నాయి. పిల్ల మెరుపు చూసి ఒకటి తీసుకుంది. నేను దాన్ని ఆమె చేతిలోంచి లాక్కుని, కళ్లు మూసుకుని, బొటనవేలి గోరును దాని అంచు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించాను. ఒకచోట గోరు ఆగింది. ఇది వద్దు, ఇంకోటి ఇమ్మన్నాను. అట్లా నాలుగింటిని తిప్పికొట్టి ఐదోదాన్ని ఒప్పుకున్నాను. కుర్రవాడు నా నెరిసిన జుట్టునూ నా గోరునూ మార్చి మార్చి చూశాడు. ఇంటికి వచ్చాక, ఆ గోరు విద్య ఎవరు నేర్పారని మనవరాలు అడిగింది. అది చెప్పాలంటే వికారాబాదులో మా నాయన దగ్గర మొదలుపెట్టి, నా పెండ్లి చెడిపోబోయిన రోజు దాకా పోవాలి.

మా నాయన అనంతయ్య బోర్డులు రాసే మనిషి. వికారాబాదు బజారులో బట్టల దుకాణమైనా, సైకిలు రిపేరైనా, చాయ్ హోటలైనా, బోర్డు కింది మూలన ఆయన సంతకం ఉండేది. కొన్నింటి మీద దుకాణం పేరు కన్నా సంతకమే ముందు కనిపించేది. తెలుగూ ఉర్దూ రెండూ ముత్యాల్లా రాసేవాడు. కానీ చూపు మందగించింది, కండ్లద్దాలు పెట్టుకొమ్మని ఎవరన్నా అంటే అగ్గిమీద గుగ్గిలమయ్యేవాడు. కుంచె పట్టేవాడికి చూపు చేతిలో ఉంటుందని ఆయన వాదన. అట్లాంటి మనిషి ఒకసారి చుట్టాల ఇంటికి బొంబాయి పోయాడు. అక్కడ ఎవరో పట్టుగుడ్డ బిగించిన చట్రంలో సిరా పోసి, రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే కింద కాగితం మీద అచ్చు పడటం చూసి వచ్చాడు. వచ్చాక రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తాను వారమంతా కూర్చొని రాసేది వాళ్లు పూటలో ముగించేస్తున్నారని ఒకవైపు ఏడుపు, తానూ చేసి చూపించాలని ఇంకోవైపు ఉబలాటం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఇక లేచింది మొదలు అదే ధ్యాస.

పని వినడానికి సులువే. వడ్లవాళ్లు చెక్కలు అతికించే సరేసు లాంటి జిగురును కరగబెట్టి, అందులో నారింజ రంగు మందు కలిపి, వెలుతురు తగలని అర్రలో చట్రం గుడ్డకు పలచగా పూయాలి. ఆరాక, నల్ల సిరాతో రాసిన పలచటి కాగితాన్ని దానికి ఆనించి ఎండలో పెట్టాలి. ఎండ తగిలిన చోట పూత గట్టిపడుతుంది. అక్షరాల నీడ పడిన చోట మెత్తగానే ఉండి, నీళ్లు పోస్తే కరిగిపోతుంది. ఆ కరిగిన చోటు నుంచే సిరా కిందికి దిగుతుంది. కాబట్టి గుట్టంతా పూతలో ఉంది. పూత ఒక్కచోట తెగినా అక్కర్లేని సిరా దిగి అచ్చు పాడవుతుంది. వెలుతురు తగలని అర్ర మా ఇంట్లో ఒక్కటే ఉండేది, అది అమ్మ పప్పూబియ్యం పెట్టుకునేది. నాయన దాని కిటికీకి ఎర్రగుడ్డ కట్టేశాడు. ఆ తర్వాత చాలా రోజులు మేము ఏ పప్పు తింటున్నామో గిన్నె దించాక గాని మాకు తెలిసేది కాదు.

పూత పూసే దోనె కోసం ఆయన పడ్డ పాట్లు పిల్లకు సంబంధం వెతికేవాళ్లు కూడా పడరు. మొదట గ్యాస్‌నూనె, అదే కిరోసిన్ డబ్బా రేకును కోసి వంచాడు. దాని అంచు పట్టుగుడ్డను బొడ్డు కోసినట్టు కోసేసింది. తర్వాత వడ్లాయన చేత టేకు చెక్కతో చేయించాడు. నాలుగుసార్లు తడిసేసరికి అది ఉబ్బి, వంగి, మధ్యలో గుడ్డకు తగలడమే మానేసింది. ఆఖరికి కంచరి దగ్గర కూర్చొని ఇత్తడితో చేయించాడు. మందు ఇత్తడిని తినకుండా దానికి లోపలా అంచుకూ కళాయి పూయించాడు. పొడవు చట్రం లోపలి వెడల్పు కన్నా అటు రెండు వేళ్లు, ఇటు రెండు వేళ్లు తక్కువ. లోతు, కింది నుంచి పైదాకా ఒక్క లాగుకు సరిపడేంత. ఇక అంచు సంగతి ఆయన కంచరికి చెప్పిన మాటల్లోనే చెప్పాలి. "కత్తి లెక్క ఉంటె పట్టు తెగుతది, కట్టె లెక్క ఉంటె మందు కుప్పవడుతది. గోరు లెక్క ఉండాలె." అంచు తిన్నగా ఉందో లేదో చూడటానికి అమ్మ జొన్నరొట్టెలు తట్టే తాండూరు బండ మీద దాన్ని బోర్లించి, వెనక దీపం పెట్టి, సందులోంచి వెలుతురు వస్తుందేమోనని బోర్లా పడుకుని చూసేవాడు. రొట్టెలు ఎక్కడ తట్టాలని అమ్మ అడిగితే, ఒక్కరోజు అన్నం తింటే చచ్చిపోమనేవాడు.

అది ఇంటికి వచ్చాక మాకు ఇంకో ఆడపిల్ల పుట్టినట్టయింది. పూత అయిన వెంటనే, జిగురు బిగుసుకోకముందే గోరువెచ్చని నీళ్లతో కడగాలి. మెత్తటి పాత ధోవతి ముక్కతో తప్ప దేనితోనూ తుడవకూడదు. అంచు మీద నిలబెట్టకూడదు. గుడ్డ చుట్టి దూలానికి వేలాడదీయాలి. ఇవన్నీ నాయన శాసనాలు. అమ్మకు ఆ శాసనాల మీద కోపం లేదు గాని, మసిబారిన ఇత్తడిని చూస్తే మాత్రం ఆమె చేతులు దురదపెట్టేవి. మా వాడకట్టులో ఒక ఇల్లాలి పరువు ఆమె బిందె మెరుపును బట్టి ఉండేది. నారింజ మరకలతో, నల్లగా కమిలిన ఇత్తడి సామాను ఒకటి తన ఇంటి దూలానికి వేలాడుతోందని ఆమె లోలోపల ఎంత కుమిలిపోయిందో అప్పట్లో మేమెవ్వరం పట్టించుకోలేదు.

దోనె కుదిరింది గాని నాయన చెయ్యి కుదరలేదు. బోర్డులు రాసేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. నాలుగు అక్షరాలు రాసి, రెండు అడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూసుకుని మురుస్తారు. మందు పూసేటప్పుడు కూడా ఆయన సగం దాకా లాగి ఆగేవాడు. ఆగిన చోట మందు కుప్పగా పడేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పట్టు మంచిది కాదనేవాడు, సరేసు కల్తీ అనేవాడు. ఒకరోజు ఆయనకు జ్వరం వచ్చింది. కలిపిన మందు రేపటికి పనికిరాదని మంచంలోంచే మూలుగుతుంటే, నేను పోయి దోనె పట్టుకున్నాను. నాకు తెలిసిందల్లా ఇల్లు అలకడం. ఎర్రమట్టి అలికేటప్పుడు చెయ్యి మధ్యలో ఆపితే ఆరిన తర్వాత అక్కడ చార కనిపిస్తుంది. చార కనిపిస్తే అమ్మ నా వీపు మీద ఒకటి వేసేది. ఆ భయంతోనే దోనెను చట్రానికి ఆనించి, ఊపిరి బిగబట్టి, కింది నుంచి పైదాకా ఒక్క తీరుగా లాగేశాను. మర్నాడు నాయన ఆ చట్రాన్ని ఎర్రటి వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూశాడు. మెచ్చుకుంటే తన గౌరవం తగ్గుతుందనుకున్నాడేమో, రాత కాగితం తేవడానికి పోయాడు. కానీ ఆ తర్వాత మందు కలిపినప్పుడల్లా నన్నే పిలిచాడు.

నాకు ఆ పని అంటే ప్రాణం. చెప్పుకోవడానికి సిగ్గెందుకు. పప్పు మిల్లుల సంచుల మీద మార్కులు, నాటకాల కరపత్రాలు, మందుల దుకాణం పొట్లాలు, ఏది ఎండలో పెట్టి కడిగినా, నీళ్లు పోస్తుంటే పసుపు పూతలోంచి అక్షరాలు తెల్లగా బయటికి వచ్చే ఆ క్షణం కోసం నేను అన్నం కూడా వాయిదా వేసేదాన్ని. నా వేళ్లు ఎప్పుడూ నారింజ రంగులో ఉండేవి. ఇప్పుడు మా మనవరాలు చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని గాని డబ్బా మూత తీయదు. అదే మంచిది, మాకు ఆ బుద్ధి చెప్పేవాళ్లు లేరు.

అట్లా ఉండగా తాండూరు నుంచి సంబంధం వచ్చింది. వాళ్లకు బండల కార్ఖానా ఉంది. పేరుకు మామ యజమాని, నడిపేది మాత్రం అత్త శంకరమ్మ. ఆయన నోరు తెరవగా విన్నవాళ్లు తక్కువ. చూపులనాడు శంకరమ్మ నా ముఖం కన్నా నా వేళ్లనే ఎక్కువ చూసి, ఆ రంగేమిటని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ గోరింటాకని చెప్పేసింది. పెండ్లికొడుకు బస్వరాజు, చాయ్ సాసరు నా చేతిలో గలగలమని వణికినప్పుడు నవ్వాపుకోలేక దగ్గాడు. నాకు నచ్చాడు. కానీ సంబంధం ఖాయమైన రోజు నుంచీ నాకు ఒకటే దిగులు. బండల ఇంటికి కోడలిగా పోయినది బండల లెక్కలోనే పడి ఉండాలి. గోరింటాకని అబద్ధమాడి చేరిన ఇంట్లో నేను చట్రమూ దోనే అంటే ఎవరు ఊరుకుంటారు? పెండ్లి అంటే నాకు ఈ పని ఆఖరు అని తేలిపోయింది. రాత్రుళ్లు ఏడ్చేదాన్ని. అమ్మ అది పుట్టింటి బెంగ అనుకుంది.

కార్డులు తానే అచ్చు వేస్తానని నాయన ప్రకటించాడు. ఎర్ర సిరాతో, చుట్టూ లతలతో, తాండూరు చుట్టాలు నోరు వెళ్లబెట్టేట్టు. మందు నేను పూస్తానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "తన లగ్గం కార్డుకు తనే మందు పూసుకునే పిల్లను ఏడన్న జూసినమా? నలుగురు నవ్వుతరు" అంది. నాయన కూడా తలూపాడు. ఎన్నాళ్లకో దోనె తన చేతికి వస్తోందని ఆయన సంతోషం ఆయనది.

ఆ వారమే అమ్మ పెండ్లింటి ఇత్తడినంతా వాకిట్లో పోసింది. బిందెలు, గుండిగలు, తాంబాళాలు, చెంబులు. చింతపండు పెట్టి, ఇటుకపొడి పోసి, కొబ్బరిపీచుతో పక్కింటి ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టి తోమించింది. నాయన బజారుకు పోయిన సమయం చూసి దూలానికి ఉన్న దోనెను కూడా విప్పి తెచ్చింది. ఎన్నాళ్ల పగో తీర్చుకున్నట్టు దాన్ని మూడుసార్లు తోమి, బంగారంలా చేసి, మళ్లీ అదే ధోవతి ముక్క చుట్టి వేలాడదీసింది. ఎవరికీ చెప్పలేదు. మొగుడు విప్పి చూసి మురిసిపోవాలని ఆమె కోరిక. ఆయన ఎర్రటి చీకట్లో విప్పాడు, మెరుపు చూసి తన దోనె మంచితనమే అనుకున్నాడు. ఇటుకపొడికి అంచు మీది కళాయి ఒకచోట లేచి, నూకగింజంత ముల్లు నిలబడిందని చూసుకోలేదు. చూడటానికి కండ్లద్దాలు కావాలి కదా.

ఆ ముల్లు పూతలో సన్నటి గీత గీసుకుంటూ పోయింది. చట్రాన్ని పొడుగ్గా నిలబెట్టి పూస్తాం, అచ్చు వేసేటప్పుడు పక్కకు తిప్పి పడుకోబెడతాం. అందుకని పూతలో నిలువుగా పడ్డ గీత కార్డు మీద అడ్డంగా వచ్చింది. మామూలు ప్రకారం నాయన సగంలో ఆగి మురిశాడు. అక్కడి నుంచి మందు కుప్పపడి గీతను మింగేసింది. మొత్తానికి ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందంటే, సరిగ్గా "చిరంజీవి బస్వరాజు" అనే మాటల మొదట్లో మొదలై చివర ఆగింది. హాజరు పట్టీలో బడి మానేసినవాడి పేరు కొట్టేసినట్టుంది. అచ్చయిన కార్డులు తాడు మీద ఆరుతుంటే చదువు రాని అమ్మ చూసి, మధ్యలో దారంలా గీత మంచిగా గీసినవని మెచ్చుకుంది. ఆమె అంటున్నది లతల సంగతి అనుకుని నాయన మీసం సవరించుకున్నాడు. మర్నాడు పొద్దున్నే మా చిన్నాయన నాలుగు మూలలా పసుపు పెట్టిన కార్డుల కట్టతో తాండూరు రైలెక్కాడు. నన్ను కార్డుల వంకకు రానిచ్చింది ఆ తర్వాతే. నేను చూసి ఒకటి నాయనకు చూపించాను. ఆయన దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు, చివరికి పక్కింటాయన దగ్గరికి పోయి, జీవితంలో మొదటిసారి కండ్లద్దాలు అడిగాడు. అప్పటికి రైలు ధారూర్ దాటే ఉంటుంది.

మరుసటి రోజు పొద్దున బండికి శంకరమ్మ ఒక్కతే దిగింది. ఆమె రావడం కాదు, మంచినీళ్లు వద్దనడం మమ్మల్ని భయపెట్టింది. కొంగులోంచి కార్డు తీసి చాప మీద పెట్టి, "అన్నా, మా పిల్లగాడు నచ్చకపోతె నోటితోని చెప్పేది ఉండె. అచ్చేసి తోలుడెందుకు?" అంది. నాయన పట్టును తిట్టాడు, సిరాను తిట్టాడు, బొంబాయిని కూడా తిట్టాడు. పొరపాటు అన్నాడు. ఆమె ఆ మాట పట్టుకుంది. "ఒక్క కార్డుల ఉంటె పొరపాటంట. అన్నిట్ల మా వోని పేరు మీదనే ఉంటె ఏమనాలె?" అచ్చు పని తెలియని మనిషికి అంతకన్నా న్యాయమైన ప్రశ్న ఉండదు. చేత్తో రాస్తే ఒక్కో తప్పు ఒక్కోచోట పడుతుంది. ఒకే తప్పు అన్నింటా ఒకేచోట పడిందంటే ఎవరైనా కావాలని చేశారనే అనుకుంటారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను తలుపు వెనక ఉన్నాను. నిజం చెబుతున్నాను, ఆ నిమిషంలో నాకు తోచింది మంచి ఆలోచన కాదు. నేను ఇట్లాగే ఊరుకుంటే సంబంధం పోతుంది, దోనె మిగులుతుంది. గుక్క తిప్పుకోకుండా లాగే ఆ పని నాకు మిగులుతుంది. ఊరుకునేదాన్నేమో కూడా. కానీ శంకరమ్మ లేస్తూ లేస్తూ, కావాలని చేయకపోతే ఈ ఇంట్లో ఎవరికీ పని రాదనుకోవాలి అంది. అది నేను పడలేకపోయాను. పెండ్లిపిల్లనని మరిచిపోయి, అర్రలోకి పోయి దోనె తెచ్చి ఆమె ముందు పెట్టాను. "అత్తా, కండ్లు మూసుకొని దీని అంచు మీద గోరు నడిపియ్యి. ఆగిన కాడ చెప్పు" అన్నాను. అమ్మ నా జడ పట్టుకుని వెనక్కి లాగింది.

శంకరమ్మ నన్ను ఒకసారి చూసి, కూర్చుంది. గోరు నడిపించింది. నూకగింజ దగ్గర ఆగింది. కార్డు మీది గీతను చూసింది, మళ్లీ అంచును చూసింది. బండలు నునుపు చేయించే మనిషి, ఆఖరి నునుపులో ఒక్క గరుకు ఇసుక రేణువు పడితే బండంతా గీత పడుతుందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. దీన్ని ఇటుకపొడితో తోమిందెవరని అడిగింది. అమ్మ గోడకేసి తిరిగింది. అంతే, అన్ని రోజుల తర్వాత నాయనకు సంగతి తెలిసింది. ఆయన అరవడానికి నోరు తెరిచాడు గాని, వియ్యపురాలు నవ్వడం చూసి మూసుకున్నాడు. ఆమె నవ్వు అంత పెద్దదని మాకు అప్పటిదాకా తెలియదు. చెంబుతో నీళ్లు తెప్పించుకుని, వాకిట్లో నున్నటి బండ మీద దోనె అంచును మెల్లమెల్లగా సాన పట్టింది. మధ్య మధ్యలో కళ్లు మూసుకుని గోరు నడిపించేది. తిరుగు బండి వెళ్లిపోయిన కూత వినిపించింది, ఆమె తల కూడా ఎత్తలేదు. గోరు ఎక్కడా ఆగకుండా నడిచాక దోనెను నాయనకు కాదు, నాకు ఇచ్చింది. పెండ్లిపిల్ల ముట్టకూడదని అమ్మ నసిగితే, చేతనైన పిల్లను చేయనిస్తే ఇంత దూరం వచ్చేదా వదినె అంది.

కొత్త చట్రానికి నేనే పూశాను. ఎర్రటి చీకట్లో చట్రం పట్టుకుని నిలబడింది ఆమె. పూత ఆరాక రాత కాగితం ఆనించి ఎండలో పెట్టాం. ఇప్పటి పిల్లలు చట్రాన్ని లైట్ల పెట్టెలో పెట్టి, గడియారం తిప్పి, ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. వానొచ్చినా పని ఆగదు. నాకు అసూయే, దాచుకోను. మాకు సూర్యుడు తప్ప దిక్కులేదు. ఒక మబ్బు అడ్డం వచ్చిందంటే చేతులు జోడించుకుని ఆకాశం చూడాల్సిందే. ఆరోజు మబ్బు రాలేదు. వాకిట్లో చట్రాన్ని కడుగుతుంటే ఒక్కో అక్షరం తేలి, ఆమె కొడుకు పేరు గీత లేకుండా బయటపడింది. ఆమెకు చదువు రాదు, మొదటి కార్డులో గీత ఎవరి పేరు మీద పడిందో ఇంట్లోవాళ్లు చదివి చెప్పారట. ఏది మా వాడి పేరని అడిగి, నేను వేలు పెట్టి చూపించిన చోటునే చాలాసేపు చూసింది. అప్పుడు నా వేళ్ల రంగు ఆమె కంట పడింది. గోరింటాకు సంగతి తెలిసిపోయిందని వేళ్లు పిడికిట్లో మడుచుకున్నాను.

పిల్ల వెళ్లిపోయాక ఈ పని ఎవరు చేస్తారని ఆమె నాయనను అడిగింది. ఇంకెవరున్నారు, బందు పెడతానన్నాడు ఆయన. నేను తడి చట్రాన్ని ఎత్తి పట్టుకుని, ముఖం దాని వెనక దాచుకున్నాను.

"బంద్ ఎందుకన్నా?" అంది శంకరమ్మ. "తాండూరుల ఎండ లేదా?"